రాసిందే అడుగుతారు!

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు ఓ పది నిమిషాలు నిలబడితే చాలు. అడక్కుండానే చేతిలో అరడజను కరపత్రాలు వచ్చి పడతాయి. సీసీఎన్‌ఏ, సీసీఎన్‌పీ, ఫైర్‌వాల్, క్లౌడ్... ఇన్ని రోజుల్లో కోర్సు, ఆ వెంటనే ఉద్యోగం అంటూ అరచేతిలో వైకుంఠం! ఆ కాగితాలు పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ల మెట్లెక్కే వాళ్లలో చాలామంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, పొద్దున్నే క్లాసు, మధ్యాహ్నం ల్యాబ్, నెలనెలా ఇంటి నుంచి వచ్చే డబ్బు.

కోర్సు అయిపోతుంది. ఇక రెజ్యుమె రాయాలి. పక్క గది కుర్రాడి దగ్గర ఓ నమూనా తీసుకుంటారు. అందులో పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు. 'సర్టిఫికేషన్స్' అన్న చోట మాత్రం దేన్నీ తీసేయబుద్ధి కాదు. సీసీఎన్‌ఏ ఉంటుంది, సీసీఎన్‌పీ ఉంటుంది, ఎంసీఎస్ఈ ఉంటుంది, ఆర్‌హెచ్‌సీఈ కూడా ఉంటుంది. 'ఉంటే పోయేదేముంది, ఎక్కువ కనిపిస్తే మంచిదేగా' అనుకుంటారు.

పోయేది ఉంది. నెట్‌వర్కింగ్ ఉద్యోగాల్లో సర్టిఫికెట్ పేరుకు విలువ లేక కాదు... చాలా విలువ ఉండబట్టే. ఆ పేరు ఫోన్ మోగేలా చేస్తుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూలో అదే పేరు ప్రశ్నగా మారి ఎదురొస్తుంది. రెజ్యుమెలో రాసిన ప్రతి పదమూ 'దీని గురించి నన్ను అడగండి' అని మనమే ఇచ్చిన ఆహ్వానం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏది రాయాలో, ఏది వదిలేయాలో దానంతటదే తేలిపోతుంది.

ఫోన్ ఎలా మోగుతుంది?

కంపెనీకి ఓ నెట్‌వర్క్ ఇంజినీర్ కావాలి. ఆ విషయం ముందు చేరేది మానవ వనరుల విభాగానికో, కన్సల్టెన్సీకో. అక్కడ కూర్చున్న రిక్రూటర్‌కి రౌటర్ ఎలా పనిచేస్తుందో తెలియాల్సిన అవసరం లేదు. ఆమె ముందు ఓ కాగితం ఉంటుంది... ఏమేం కావాలో ఇంజినీరింగ్ విభాగం వాళ్లు రాసిచ్చింది. ఆ మాటలనే జాబ్ సైటులో టైపు చేస్తుంది. 'సీసీఎన్‌ఏ', 'ఓఎస్‌పీఎఫ్', 'హైదరాబాద్', 'రెండేళ్ల లోపు అనుభవం'. అంతే!

1997లో నౌక్రీ.కామ్ మొదలయ్యాక మన దేశంలో ఈ పద్ధతి మెల్లగా అలవాటైంది. పేపర్లో ప్రకటన చూసి కవర్లో బయోడేటా పెట్టి పంపే రోజుల్లో కాగితాన్ని ఎవరో ఒకరు చదివేవారు. ఇప్పుడు ముందు చదివేది కంప్యూటర్. అది అర్థం చేసుకుని చదవదు, మాటలు వెతుకుతుంది. వెతికిన మాట మీ రెజ్యుమెలో ఉంటే పైకి తెస్తుంది, లేకపోతే లేదు. అందుకే 'రౌటింగ్ బాగా తెలుసు' అని రాసినవాళ్లకంటే 'సీసీఎన్‌ఏ' అని రాసినవాళ్లు ముందుగా కనిపిస్తారు.

ఆ మాట అంతగా నిలదొక్కుకోవడానికీ ఓ కారణముంది. సిస్కో సంస్థ సీసీఎన్‌ఏని 1998లో తెచ్చింది. నెట్‌వర్కింగ్‌లో అడుగుపెట్టేవాళ్ల కోసం పెట్టిన పరీక్ష అది. రాయడానికి ఫలానా డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. డిప్లొమా వాళ్లు రాయొచ్చు, బీఎస్సీ వాళ్లు రాయొచ్చు. కాలేజీ పేరు చెప్పుకోలేని విద్యార్థికి, పెద్ద కాలేజీ విద్యార్థికి ఒకే పరీక్ష. క్యాంపస్ ఇంటర్వ్యూలు గడప తొక్కని ఊళ్ల పిల్లలకు ఇది ఎంత పెద్ద వరమో వేరే చెప్పక్కర్లేదు. ఆ వరాన్ని కాపాడుకోవడమే అసలు విషయం.

కోర్సు వేరు... పరీక్ష వేరు

ఇక్కడే చాలా ఇళ్లలో ఓ పొరపాటు జరుగుతుంది. ఫోన్లో మాటలు ఇలా సాగుతాయి.

''ఏరా, సీసీఎన్‌ఏ అయిపోయిందన్నావుగా. మరి ఇంకా ఫోన్లేమీ రావడం లేదా?''

''కోర్సు అయింది నాన్నా. పరీక్ష ఇంకా రాయలేదు.''

''పరీక్ష లేకుండానే సర్టిఫికెట్ ఇచ్చారా?''

''అది ఇన్‌స్టిట్యూట్ వాళ్లది నాన్నా. సిస్కో వాళ్లది వేరే. దానికి ఫీజు విడిగా కట్టాలి.''

అవును, విడిగానే. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది 'ఈ విద్యార్థి మా దగ్గర క్లాసులకు వచ్చాడు' అని చెప్పే కాగితం. సిస్కో సర్టిఫికెట్ రావాలంటే పియర్సన్ వీయూఈ అనే సంస్థ నిర్వహించే పరీక్ష పాసవ్వాలి. సీసీఎన్‌ఏ పరీక్ష నంబరు 200-301. వ్యవధి 120 నిమిషాలు. ఫీజు 300 డాలర్లు. అంటే పన్నుతో కలిపి పాతిక వేల రూపాయలకు పైమాటే. కోర్సు ఫీజు కట్టేటప్పుడే ఈ లెక్క కూడా వేసుకోకపోతే చాలామంది సరిగ్గా ఈ గుమ్మం ముందే ఆగిపోతారు. ఆగిపోయి, రెజ్యుమెలో మాత్రం 'సీసీఎన్‌ఏ' అని రాసేస్తారు.

అది అబద్ధం. చిన్నదిగా కనిపించే పెద్ద అబద్ధం. 'మీ సిస్కో ఐడీ చెప్పండి' అన్న ఒక్క ప్రశ్నతో బయటపడిపోతుంది. పరీక్ష పాసైనవాళ్లకు 'సీఎస్‌సీఓ' అక్షరాలతో మొదలయ్యే ఓ నంబరు ఉంటుంది. వివరాలు సరిచూసుకోవడానికి డిజిటల్ బ్యాడ్జి లింకు కూడా ఉంటుంది. అది లేని అభ్యర్థి తడబడతాడు. ఆ తడబాటు చూశాక మిగతా రెజ్యుమె ఎంత నిజమైనా ఎదుటివాళ్లు నమ్మరు.

మరి పరీక్ష రాయనివాళ్లు ఏం చేయాలి? ఉన్నది ఉన్నట్టు రాయాలి. 'సీసీఎన్‌ఏ శిక్షణ పూర్తయింది, పరీక్ష తేదీ ఫలానా' అని రాస్తే తప్పేం లేదు. ఆ వాక్యంలోనూ 'సీసీఎన్‌ఏ' అన్న మాట ఉంది కాబట్టి కంప్యూటర్ వెతుకులాటలో దొరుకుతుంది. చదివేవాళ్లకు నిజమూ తెలుస్తుంది. అయితే ఒక్క షరతు. తేదీ నిజంగా ఖాయం చేసుకుని ఉండాలి. ఏడాదిగా 'త్వరలో రాయబోతున్నాను' అనే రెజ్యుమె ఎవరినీ ఆకట్టుకోదు.

ఎక్కడ రాయాలి... ఎలా రాయాలి?

అనుభవం లేనివాళ్లకు సర్టిఫికెటే పెద్ద ఆస్తి. దాన్ని తీసుకెళ్లి రెండో పేజీ చివర, హాబీల పక్కన పెడితే ఎవరికి కనిపిస్తుంది? మొదటి పేజీలో, పేరూ ఫోన్ నంబరూ అయిపోయాక వచ్చే రెండు మూడు వాక్యాల్లోనే దాని ప్రస్తావన రావాలి. ఆ కిందే సర్టిఫికేషన్ల భాగం, తర్వాత ల్యాబ్‌లో చేసిన పని, ఆ తర్వాత చదువు. నాలుగైదేళ్లు ఉద్యోగం చేసినవాళ్లకు వరుస మారుతుంది. చేసిన పని ముందు, సర్టిఫికెట్లు తర్వాత.

రాసే తీరు కూడా ముఖ్యమే. పూర్తి పేరు, పొట్టి పేరు రెండూ ఉండాలి. ఒకరు పొట్టి పేరుతో వెతుకుతారు, ఇంకొకరు పూర్తి పేరుతో వెతుకుతారు. ఉదాహరణకు ఇలా:

'సిస్కో సర్టిఫైడ్ నెట్‌వర్క్ అసోసియేట్ - సీసీఎన్‌ఏ, పాసైంది మార్చి 2025, గడువు మార్చి 2028.'

పేరు, ఇచ్చిన సంస్థ, పాసైన నెల, గడువు... అన్నీ ఒక్క లైనులో వచ్చేశాయి. పక్కన బ్యాడ్జి లింకు పెడితే ఇంకా మంచిది. మార్కులు రాయక్కర్లేదు. పాసైతే పాసైనట్టే.

కొందరు సిస్కో లోగోను బొమ్మగా తెచ్చి రెజ్యుమె పైన అతికిస్తారు. చూడ్డానికి బాగుంటుంది. వెతికే కంప్యూటర్‌కు మాత్రం బొమ్మలోని అక్షరాలు కనిపించకపోవచ్చు. రంగురంగుల గడుల్లో, పక్కపక్క పట్టికల్లో రాసినవీ ఒక్కోసారి కలగాపులగం అయిపోతాయి. తెల్ల కాగితం, నల్ల అక్షరాలు, మామూలు వాక్యాలు... రెజ్యుమెకు ఇంతకుమించిన అలంకారం లేదు.

అన్నట్టు, స్పెల్లింగ్. 'సిస్కో' అన్న పేరునే తప్పు రాసే రెజ్యుమెలు ఉంటాయి. తప్పు అక్షరాలతో రాసిన పదం వెతుకులాటలో దొరకదు సరికదా, దొరికినా నవ్వులపాలవుతుంది.

పాత పేర్లు... కొత్త తిప్పలు

నమూనా రెజ్యుమెను కాపీ కొట్టేవాళ్లకు ఎదురయ్యే ఇంకో ఇబ్బంది, కాలం చెల్లిన పేర్లు. 1990ల్లో నోవెల్ సంస్థ ఇచ్చే సీఎన్‌ఈ ఉంటే గొప్ప. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్ఈ వంతు వచ్చింది. మన దగ్గరా ఇంటికొకరు ఎంసీఎస్ఈ అన్నంత సందడి నడిచింది. పుస్తకాలు బట్టీ పట్టి పాసైనవాళ్లు ఎక్కువైపోవడంతో అమెరికాలో 'పేపర్ ఎంసీఎస్ఈ' అన్న వెక్కిరింత కూడా పుట్టింది. కాగితం మీద మాత్రమే ఇంజినీర్ అని దాని భావం. ఆ ఎంసీఎస్ఈని మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31తో ఆపేసింది. అంతకుముందు నిజంగా పాసైనవాళ్లు ఏడాది వేసి రాసుకోవచ్చు. కానీ నిన్నమొన్న డిగ్రీ పూర్తిచేసిన కుర్రాడి రెజ్యుమెలో ఎంసీఎస్ఈ కనిపిస్తే? కాపీ కొట్టాడని ఇట్టే తెలిసిపోతుంది.

సిస్కో కూడా 2020 ఫిబ్రవరి 24న పెద్ద మార్పే చేసింది. అప్పటిదాకా సీసీఎన్‌ఏలో చాలా రకాలుండేవి. రౌటింగ్ అండ్ స్విచ్చింగ్ ఒకటి, సెక్యూరిటీ ఒకటి, వైర్‌లెస్ ఒకటి... అవన్నీ పోయి ఒకే సీసీఎన్‌ఏ వచ్చింది. కాబట్టి ఆ తర్వాత పరీక్ష రాసినవాళ్లు 'సీసీఎన్‌ఏ రౌటింగ్ అండ్ స్విచ్చింగ్' అని రాస్తే అది లేని సర్టిఫికెట్‌ను రాసినట్టే. 'ఫ్రేమ్ రిలే వచ్చు' అని రాయడమూ అలాంటిదే. 2016లో వచ్చిన మార్పుతోనే దాన్ని సీసీఎన్‌ఏ సిలబస్‌లోంచి తీసేశారు.

గడువు సంగతీ చూసుకోవాలి. సీసీఎన్‌ఏకి మూడేళ్ల గడువు. జూనిపర్ వారి జేఎన్‌సీఐఏకి, కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్‌కి కూడా మూడేళ్లే. మైక్రోసాఫ్ట్ అజూర్ నెట్‌వర్క్ ఇంజినీర్ సర్టిఫికెట్‌కు ఏడాదే గడువు. అయితే దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పొడిగించుకోవచ్చు. సీసీఎన్‌ఏ గడువు తీరేలోగా పైస్థాయి పరీక్ష ఒకటి పాసైతే ఇదీ దాంతోపాటే కొనసాగుతుంది. నిర్ణీత శిక్షణ క్రెడిట్లు సంపాదించుకునే దారి కూడా ఉంది.

గడువు తీరిపోయిందా? దాచక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు. '2019 నుంచి 2022 వరకు' అని సంవత్సరాలు రాస్తే సరిపోతుంది. ఒకప్పుడు పాసయ్యారన్నది నిజమే కదా. సంవత్సరాలు రాయకుండా వదిలేస్తేనే అనుమానం.

పేరు పక్కన పని

ఇక ఇంటర్వ్యూ. ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకోండి. మొదటి అతని రెజ్యుమెలో ఆరు సర్టిఫికెట్ల పేర్లు. రెండో అతనికి ఒక్క సీసీఎన్‌ఏ. ఇద్దరికీ ఫోన్ వచ్చింది. మొదటి అతన్ని పిలిచారు.

''మీరు బీజీపీ అని రాశారు. ఎక్కడ చేశారు?''

''ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పారు సర్.''

''సరే, /26 నెట్‌వర్క్‌లో ఎన్ని కంప్యూటర్లకు అడ్రసులు ఇవ్వొచ్చు?''

అతను పైకి చూశాడు, కిందికి చూశాడు. జవాబు 62. మొత్తం 64 అడ్రసుల్లో మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతాయి. సీసీఎన్‌ఏ చదివినవాళ్లకు ఇది రెండో ఎక్కంలాంటిది. కానీ అతని బుర్రలో ఆరు కోర్సుల పేర్లున్నాయి, ఎక్కం లేదు.

రెండో అతని రెజ్యుమెలో సీసీఎన్‌ఏ కింద రెండు లైన్లు ఉన్నాయి. 'ప్యాకెట్ ట్రేసర్‌లో మూడు బ్రాంచీల ఆఫీసుకు నెట్‌వర్క్ తయారుచేశాను. జీఎన్‌ఎస్3లో రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ పెట్టి, కావాలని తప్పులు చేసి సరిదిద్దాను.' ఇంటర్వ్యూ చేసేవాళ్ల చూపు సరిగ్గా అక్కడే ఆగింది.

''కావాలని తప్పులు చేశారా? ఏం తప్పు?''

''రెండు రౌటర్లలో ఎంటీయూ వేరువేరుగా పెట్టాను సర్. ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోయింది. పింగ్ మాత్రం వెళ్తోంది. కారణం తెలియడానికి ఓ రాత్రి పట్టింది.''

ఆ చివరి మాట దగ్గర ఎదుటివాళ్ల ముఖంలో చిన్న నవ్వు. ఎందుకంటే అలాంటి రాత్రులు వాళ్ల అనుభవంలోనూ ఉంటాయి. నెట్‌వర్క్ ఇంజినీర్ అసలు పని అదే. అంతా బాగున్నప్పుడు ఎవరూ ఫోన్ చేయరు. అర్ధరాత్రి బ్యాంకు బ్రాంచికో, ఆసుపత్రికో లింకు తెగిపోయినప్పుడు ఫోన్ వస్తుంది. అప్పుడు సర్టిఫికెట్ ఫ్రేము గోడమీదే ఉంటుంది, తప్పెక్కడుందో వెతకాల్సింది మనిషే.

రెండో అతను చేసినదానికి డబ్బు కూడా పెద్దగా ఖర్చవలేదు. ప్యాకెట్ ట్రేసర్‌ను సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఉచితంగా ఇస్తుంది. జీఎన్‌ఎస్3 కూడా ఉచితమే. ఓ మామూలు ల్యాప్‌టాప్, ఓపిక ఉంటే చాలు. సీసీఎన్‌ఏ సిలబస్‌లో ఆరు భాగాలున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా 25 శాతం ప్రశ్నలు ఐపీ కనెక్టివిటీ మీద. సెక్యూరిటీ 15 శాతం, ఆటోమేషన్ 10 శాతం. ఒక్కో భాగానికి ఒక్కో చిన్న ల్యాబ్ సొంతంగా చేసి, దాన్ని ఒక్కో వాక్యంలో రాసుకుంటే ఆరు వాక్యాలవుతాయి. అనుభవం లేని అభ్యర్థి రెజ్యుమెకి అంతకంటే బలం ఏముంటుంది?

ఎన్ని ఉంటే మంచిది?

ఎక్కువ ఉంటే ఎక్కువ జీతం అన్న లెక్క అన్నిసార్లూ పనిచేయదు. మొదటి ఉద్యోగం సాధారణంగా నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లోనో, డెస్క్‌టాప్ సపోర్ట్‌లోనో దొరుకుతుంది. షిఫ్టులుంటాయి, రాత్రి డ్యూటీలుంటాయి. అక్కడికి సీసీఎన్‌ఏ, దాంతోపాటు కాస్త లైనక్స్ తెలిస్తే చక్కగా సరిపోతుంది. అనుభవం సున్నా, సర్టిఫికెట్లు అరడజను అంటే కంపెనీవాళ్లకు రెండు అనుమానాలొస్తాయి. ఇవి నిజంగా చదివి పాసైనవేనా? నిజమే అయితే ఈ చిన్న ఉద్యోగంలో ఎన్నాళ్లుంటాడు?

పెద్ద సర్టిఫికెట్లకు గౌరవం ఎందుకొచ్చిందో తెలియాలంటే సీసీఐఈ కథ వినాలి. సిస్కో దాన్ని 1993లో మొదలుపెట్టింది. ల్యాబ్‌లో కూర్చుని పరికరాల మీద పనిచేసి చూపించాలి. 2001 దాకా ఆ పరీక్ష రెండు రోజులు జరిగేది, తర్వాత ఎనిమిది గంటలకు కుదించారు. పాసైనవాళ్లకు ఇచ్చే నంబర్లు 1024 నుంచి మొదలయ్యాయి. ఆ మొదటి నంబరు మనిషికి కాదు, పరీక్ష జరిగే ల్యాబ్‌కే ఇచ్చారు! తమ నంబరును పేరు పక్కన ఇంటిపేరంత గర్వంగా రాసుకునే ఇంజినీర్లున్నారు. దానికంత విలువ పరీక్ష పేరు వల్ల రాలేదు, బట్టీ పడితే కుదరని పరీక్ష కావడం వల్ల వచ్చింది. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఈ కూడా అలాంటిదే. అందులో జవాబులు ఎంచుకోవడం ఉండదు, కంప్యూటర్ ముందు కూర్చుని పని పూర్తిచేయాలి.

కాబట్టి ముందు ఒకటి పాసవ్వండి. ఉద్యోగంలో చేరండి. అక్కడ ఏ పరికరాల మీద పనిచేస్తున్నారో చూసి రెండోది ఎంచుకోండి. ఫైర్‌వాల్ ముందు కూర్చునేవాళ్లు సెక్యూరిటీ వైపు, కంపెనీ సర్వర్లు అజూర్‌కో, ఏడబ్ల్యూఎస్‌కో తరలిపోతుంటే క్లౌడ్ నెట్‌వర్కింగ్ వైపు వెళ్లొచ్చు. చేసే పనికీ, రాసే సర్టిఫికెట్‌కీ పొంతన ఉంటే రెజ్యుమె చదివేవాళ్లకు ఓ మనిషి ఎదుగుదల కనిపిస్తుంది. లేకపోతే పేర్ల జాబితా కనిపిస్తుంది.

దొడ్డిదారి ఎక్కడికి పోతుంది?

ఈ మాట ఎత్తకుండా నెట్‌వర్కింగ్ కోర్సుల గురించి మాట్లాడుకోవడం కుదరదు. 'డంప్స్' అని ఉంటాయి. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను బయటికి తెచ్చి, జవాబులతో సహా అమ్మే సరకు. వారం బట్టీ పడితే పాస్ అంటారు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు, మళ్లీ పరీక్ష రాయకుండా నిషేధించే హక్కు సిస్కోకు ఉన్నాయి. పరీక్షకు ముందు అభ్యర్థి ఒప్పుకునే నిబంధనల్లోనే ఆ సంగతి ఉంటుంది. పట్టుబడకపోయినా /26 ప్రశ్న ఎలాగూ ఎదురుచూస్తూనే ఉంటుంది.

రెండోది ఇంకా ప్రమాదం. సర్టిఫికెట్ ఉంది, అనుభవం లేదు. 'ఓ మూడేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఇంత ఇవ్వండి' అనేవాళ్లు తగులుతారు. లేని కంపెనీ, చేయని ఉద్యోగం, దొంగ జీతం కాగితాలు. ఇందులో పడితే ఉద్యోగం వచ్చాక కూడా ప్రశాంతత ఉండదు. పేరున్న కంపెనీలు అభ్యర్థి చెప్పిన వివరాలను విడిగా విచారణ చేయిస్తాయి. ఐటీ ఉద్యోగుల వివరాలు సరిచూడటానికి నాస్కామ్ 2006లోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని మొదలుపెట్టింది. 2014లో పీఎఫ్ ఖాతాలకు యూఏఎన్ నంబరు వచ్చాక, ఎవరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఒకేచోట కనిపిస్తోంది. మూడేళ్ల ఉద్యోగం రాసినవాళ్ల ఖాతాలో మూడు నెలల పీఎఫ్ కూడా లేకపోతే ఏం జవాబు చెబుతారు?

విచారణ నివేదిక ఒక్కోసారి చేరిన కొన్ని నెలలకు వస్తుంది. అప్పటికి ఊళ్లో అందరికీ స్వీట్లు పంచి ఉంటారు. అబ్బాయి జీతాన్ని నమ్ముకుని అప్పు తీర్చడం మొదలుపెట్టి ఉంటారు. ఆ రోజు ఉద్యోగం పోతే పోయేది జీతం ఒక్కటే కాదు. నిజంగా పాసైన సీసీఎన్‌ఏ కూడా ఆ అబద్ధం నీడలో మసకబారిపోతుంది. ఆ పరీక్ష కోసం చదివిన రాత్రులకు విలువ లేకుండా పోతుంది.

అమ్మానాన్నలు అడగాల్సినవి

కోర్సు ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడిగితే సగం తలనొప్పి తప్పుతుంది. ఇవి అడగడానికి కంప్యూటర్ తెలియక్కర్లేదు.

ఒకటి, ఈ ఫీజులో అసలు పరీక్ష ఫీజు కలిసి ఉందా, లేదా? రెండు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఎవరిది... ఇన్‌స్టిట్యూట్‌దా, సిస్కోదా? మూడు, ల్యాబ్‌లో విద్యార్థి తన చేత్తో రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తాడు? నాలుగు, 'ఉద్యోగం గ్యారంటీ' అంటున్నారు కదా, ఆ మాట కాగితం మీద రాసిస్తారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మిగతా మూడు జవాబులనూ ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది.

పిల్లలకు కూడా ఓ ధైర్యం ఇవ్వాలి. పరీక్ష ఒకసారి తప్పితే కొంపలేం మునిగిపోవు. కొద్ది రోజుల విరామం తర్వాత మళ్లీ రాయొచ్చు. కాకపోతే ఫీజు మళ్లీ కట్టాలి. అందుకే తొందరపడి తేదీ తీసుకోవడం కంటే ఇంకో నెల ల్యాబ్ చేయడం లాభం. 'పక్కింటి అబ్బాయికి ఎప్పుడో వచ్చేసింది' అన్న ఒత్తిడి ఇంట్లో లేకపోతే, 'పాసయ్యాను' అని అబద్ధం రాయాల్సిన అవసరమూ ఉండదు.

రెజ్యుమె పూర్తయ్యాక ఓ పని చేయండి. ఒక కాపీ తీసి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి... అక్కకో, అమ్మకో. నెట్‌వర్కింగ్ తెలియనివాళ్లయితే మరీ మంచిది. ఒక్కో మాట మీద వేలు పెట్టి 'ఇదేంటి? నువ్వేం చేశావు?' అని అడగమనండి. ఓఎస్‌పీఎఫ్ అంటే ఏమిటో అమ్మకు అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పగలిగారా? ఆ మాట ఉంచండి. నీళ్లు నమిలారా? పెన్ను తీసి కొట్టేయండి. నాలుగు కొట్టివేతలు పోగా మిగిలింది ఒక్క సీసీఎన్‌ఏ, దాని కింద రెండు లైన్ల పని మాత్రమే అయినా ఫర్వాలేదు. వాటి గురించి ఎవరు ఎప్పుడు ఏం అడిగినా మీ దగ్గర జవాబుంటుంది.